ఎండరోజును చూసి కొనకమ్మా

విజయవాడ,
నవంబర్ 12

చి. అమ్ములుకి మామయ్య దీవెనలు.

ఈ శీతాకాలం ఆఫీసు స్నేహితులతో కలిసి స్కీయింగ్ నేర్చుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తనకు భయం, నాకు సంతోషం. బెల్‌వ్యూలో ఉన్న 19 ఏళ్లలో 16 శీతాకాలాలు నేను అక్కడి క్యాస్కేడ్ కొండల మీదే తిరిగాను. అమ్మమ్మ కోసం ఇక్కడికి వచ్చేశాక నాకు బాగా గుర్తుకొచ్చేవి అవే. నువ్వు పంపిన గాగుల్స్ ఫొటో కూడా చూశాను. అద్దమంతా నారింజ మెరుపు, సేల్‌లో సగం ధర అన్నావు. డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు తల్లీ.

గాగుల్స్ కొనేటప్పుడు అందరి మనసులో ఎండ కాసే రోజే ఉంటుంది. నీలాకాశం, తెల్లటి వాలు, అద్దంలో ప్రతిబింబించే కొండలు. ఆ రోజున ఏ గాగుల్స్ అయినా పనిచేస్తాయి. నువ్వు కొనవలసింది తడిమంచు పడే రోజు కోసం. ఎందుకంటే నువ్వు వెళ్లేది క్యాస్కేడ్ కొండలకి. సియాటిల్ నుంచి ఐ-90 రహదారి మీద వెళితే గంటలో వచ్చే స్నోక్వాల్మీ పాస్ ఎత్తు దాదాపు 3,000 అడుగులే. పసిఫిక్ మీది తడిగాలి నేరుగా వచ్చి ఆ కొండలకు తగులుతుంది. ఉత్తరాన ఉన్న మౌంట్ బేకర్‌లో 1998–99 సీజన్‌లో 1,140 అంగుళాల మంచు పడింది, అది ప్రపంచ రికార్డు. అయితే అక్కడి మంచు చాలా రోజుల్లో పొడిపొడిగా ఉండదు, బరువుగా, తడిగా ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని ‘క్యాస్కేడ్ కాంక్రీట్’ అంటారు. పొద్దున పార్కింగ్‌లో దిగినప్పుడు మంచు, పదకొండింటికి చినుకులు, లిఫ్ట్ ఎక్కి పైకి వెళితే మబ్బు లోపల నువ్వు. థర్మామీటరు సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. అద్దాలు ఎక్కువగా చెమర్చేది సరిగ్గా అలాంటప్పుడే.

ఎందుకో ముందు అర్థం చేసుకుంటే, దుకాణంలో ఎవరు ఏం చెప్పినా నీకు నువ్వే తేల్చుకోగలవు. 30 డిగ్రీల వెచ్చటి గాలి ఘనమీటరుకు సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి 0 డిగ్రీలకు చల్లబడితే 5 గ్రాములు కూడా మోయలేదు. మిగిలిన నీరు దగ్గర్లో ఉన్న చల్లటి వస్తువు మీద దిగిపోతుంది. మే నెలలో ఏసీ కారులోంచి బందరు రోడ్డు మీద దిగగానే నా కళ్లజోడు తెల్లబడేది ఇందుకే. గాగుల్స్ లోపల నీ ముఖం వేడి, నుదుటి చెమట, ఊపిరి అన్నీ కలిసి వెచ్చటి తడిగాలి అవుతాయి. అద్దానికి అవతల చలి. ఇక మన చేతిలో ఉన్నవి రెండే పనులు: లోపలి అద్దాన్ని మరీ చల్లబడనివ్వకపోవడం, తడిగాలిని బయటికి పంపేయడం. మంచి గాగుల్స్ చేసేదంతా ఈ రెండే. ‘యాంటీ ఫాగ్’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసేది మూడోది, ఆ రెండూ సరిగ్గా లేకపోతే అదొక్కటీ నిన్ను కాపాడలేదు.

మొదటి పనికి రెండు పొరల అద్దం కావాలి. రెండు పొరల మధ్య గాలి బంధించి అంచులు మూసేస్తారు, మీ అపార్ట్‌మెంట్ కిటికీలకు ఉండే జోడు అద్దాల్లాగానే. బయటి పొర చలిని తీసుకుంటుంది, లోపలి పొర వెచ్చగా మిగులుతుంది. ఇలా మూసిన జోడు అద్దానికి గాలి ఆడే స్పాంజిని కలిపి మొదట స్కీ గాగుల్స్ తయారు చేసింది ఒక పళ్ల డాక్టరు. వంకరపళ్లు సరిచేసే బాబ్ స్మిత్‌కు లోతైన కొత్త మంచులో స్కీయింగ్ అంటే ప్రాణం. అలాంటి మంచు పడే రోజునే అద్దం మసకబారి ఏమీ కనపడకపోతే ఆయన ఊరుకోలేకపోయాడు. 1965లో ఆయన పేరుతో మొదలైన కంపెనీ ఇప్పటికీ ఉంది. ఆ పద్ధతి ఇప్పుడు అందరికీ వచ్చేసింది, వంద డాలర్ల లోపే మంచి జోడు అద్దం దొరుకుతుంది. ఒంటి పొర అద్దాన్ని మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకు.

రెండో పని గాలి రంధ్రాలది. ఫ్రేముకు పైనా కిందా చీలికలుంటాయి, వాటిని పలచటి స్పాంజి కప్పి ఉంచుతుంది. కింది నుంచి పొడిగాలి లోపలికి, పై నుంచి వెచ్చటి తడిగాలి బయటికి. పై రంధ్రాలు ఎంత పెద్దవో దుకాణంలో వేలు పెట్టి చూడు. ఆ తర్వాత చూడవలసింది నీ హెల్మెట్, దీన్ని చాలామంది మర్చిపోతారు. హెల్మెట్ ముందంచు గాగుల్స్ మీదకు దిగి పై రంధ్రాలను మూసేస్తే, ఎంత ఖరీదైనవైనా పది నిమిషాల్లో చెమరుస్తాయి. రెండింటికీ మధ్య ఖాళీ ఎక్కువైతే నుదురు గడ్డకట్టుకుపోతుంది. ఒకదాని మీద ఒకటి ఒత్తుకోకుండా, సందు లేకుండా ఆనుకోవాలి. అందుకే ముందు హెల్మెట్ కొను, దాన్ని పెట్టుకుని వెళ్లి గాగుల్స్ ఎంచుకో. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఇది తెలుసుకోలేవు.

నీకు ఇంకో సంగతి ఉంది, కళ్లజోడు. చెమర్చే అద్దాలు నీకు ఒకటి కాదు, రెండు. కళ్లజోడు మీద పెట్టుకునే గాగుల్స్ వేరే ఉంటాయి, ఓటీజీ అని అడుగు. వాటి ఫ్రేము లోతుగా ఉంటుంది, పక్కల స్పాంజిలో జోడు కాడల కోసం గాట్లు ఉంటాయి. నీ జోడు పెట్టుకునే వాటిని ప్రయత్నించు. జోడు అంచు లోపలి అద్దానికి తగిలితే వద్దు, ఒక్కరోజులో గీతలు పడిపోతాయి. కాంటాక్ట్ లెన్సులు నీకు పడితే మాత్రం ఈ తలనొప్పి సగం పోతుంది. నేను పదేళ్లు కళ్లజోడుతోనే చేశాను, తర్వాత లెన్సులకు మారాను. ఆ మార్పు ముందే చేసుకోవలసిందని ఇప్పటికీ అనుకుంటాను. కళ్లజోడే అయితే అది చెమర్చకుండా పూసే మందు ఒకటి కొనుక్కో. ఆ మందు కళ్లజోడుకు మాత్రమే. గాగుల్స్ లోపలి పూత మీద ఏదంటే అది రాయకు.

దుకాణంలో పట్టీ తగిలించుకోకుండా గాగుల్స్‌ను చేత్తో ముఖానికి ఆనించి, కళ్లు తెరిచి చుట్టూ వెలుగు ఎక్కడ దూరుతోందో చూడు. మన ఇంట్లో ఆడపిల్లల ముక్కు దూలం కాస్త అణిగి ఉంటుంది. ఆ పక్కన సందు పడితే నీ ఊపిరే నేరుగా పైకొచ్చి అద్దానికి తగులుతుంది. అలాంటి ముఖాలకు స్పాంజి మందంగా ఉండే రకాలు చేస్తారు, ‘లో బ్రిడ్జ్’ అని అడిగితే చూపిస్తారు. హెల్మెట్, కళ్లజోడు, గాగుల్స్ అన్నీ పెట్టుకుని పది నిమిషాలు దుకాణంలో తిరుగు. సిగ్గుపడకు, అక్కడ అందరూ అదే చేస్తుంటారు.

ఇక రంగు. ఆ నారింజ మెరుపు నాకు నచ్చకపోవడానికి కారణం దాని వెనకున్న అద్దం ముదురుది కావడం. ప్రతి అద్దానికీ వీఎల్‌టీ అని ఒక అంకె ఉంటుంది, వెలుగులో ఎంత శాతం లోపలికి వస్తుందో చెబుతుంది. నువ్వు పంపినది 12 శాతం. మండే ఎండకు అది సరిగ్గా సరిపోతుంది. మబ్బు పట్టిన రోజున ఆకాశం, నేల ఒకే తెలుపులో కలిసిపోతాయి, గుంట ఏదో గుట్ట ఏదో తెలియదు. అప్పుడు 40 నుంచి 60 శాతం ఉన్న గులాబీ లేదా పసుపు అద్దం కావాలి. స్నోక్వాల్మీలో రాత్రిళ్లు లైట్ల వెలుగులో కూడా స్కీయింగ్ ఉంటుంది. ఆఫీసు అయ్యాక మీరు వెళ్లేది అప్పుడేగా, దానికి దాదాపు తెల్ల అద్దమే మేలు. ఒక్కటే కొనగలిగితే మబ్బురోజుది కొను. రెండు కొనగలిగితే అద్దాలు మార్చుకునే వీలున్న ఫ్రేము తీసుకో, అయస్కాంతంతో అంటుకునేవి గ్లవ్స్‌తోనే మార్చుకోవచ్చు. ఎండను బట్టి తనే రంగు మారే అద్దం బాగానే ఉంటుంది గానీ, చలిలో అది నలుపు దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఎండలోంచి చెట్ల నీడలోకి దూరే క్షణంలో ఆ ఆలస్యం నాకు ఎప్పుడూ నచ్చలేదు. లేతరంగు అద్దమైతే అతినీలలోహిత కిరణాలు వచ్చేస్తాయని భయపడకు. పాలికార్బొనేట్ అద్దం తెల్లగా ఉన్నా వాటిని ఆపుతుంది.

ఇంత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, నా మూడో శీతాకాలంలో ఒక రాత్రి జరిగింది నీకు జరగకూడదని. నావి అప్పట్లో ఒంటి పొర గాగుల్స్. తడిమంచు పడుతోంది, ఒళ్లంతా చెమట. లిఫ్ట్‌లో కూర్చుని గాగుల్స్ నుదుటి మీదకు తోసుకున్నాను. పైకి చేరి దించుకుంటే తెల్లటి గోడ. తడి గ్లవ్‌తో లోపల రుద్దాను. పూత లేచిపోయి ఇంకా పాడయింది. విసుగొచ్చి గాగుల్స్ మెడలోకి దించేసి, కళ్లజోడూ తీసేసి ఉత్త కళ్లతో దిగడం మొదలుపెట్టాను. మంచు రవ్వలు సూదుల్లా గుచ్చుకుంటుంటే కళ్లు మూసీ మూయనట్టు పెట్టుకుని వస్తూ, చిన్న గుంట చూడలేదు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు మీ అత్తయ్యే నాకు ముద్దలు కలిపి పెట్టింది. అద్దం చెమర్చడం వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇదే. మనిషి విసిగి గాగుల్స్ తీసేస్తాడు. పగటిపూట అయితే మరో కీడు కూడా. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదకే కొడుతుంది. ఒక్కరోజు ఉత్త కళ్లతో తిరిగితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది.

కాబట్టి గాగుల్స్ కళ్ల మీదే ఉండనీ, నుదుటి మీద కాదు. తల నుంచి ఆవిరి ఎక్కువగా వచ్చేది అక్కడే. ముఖానికి కట్టుకునే గుడ్డను గాగుల్స్ కిందకు దోపకు, ముక్కు దగ్గర వదులుగా ఉండనీ. లేకపోతే ఊపిరికి పైదారి ఒక్కటే మిగులుతుంది. కొత్తలో నువ్వు పదే పదే పడతావు, లేస్తావు, చెమటలు కక్కుతావు. అద్దం చెమర్చడం ఎక్కువ కూడా అప్పుడే. చెమట పట్టక ముందే జాకెట్ జిప్పు కొంచెం దించు. పడ్డప్పుడు పై రంధ్రాల్లో మంచు కూరుకుపోతుంది, లేవగానే దాన్ని దులిపి, ఆ తర్వాతే కదులు. కొద్దిగా మసకబారితే ఆగకు, నెమ్మదిగా జారుతూ ఉంటే గాలి ఆడి అదే విడుస్తుంది. తూర్పు వైపు వెనాచీ దగ్గర మిషన్ రిడ్జ్‌కు ఎప్పుడైనా వెళితే అక్కడ చలి పొడిగా ఉంటుంది, చెమర్చడం తక్కువ. కానీ బాగా చలి ఉన్న రోజున చెమర్చిందంటే అది లోపలే గడ్డకడుతుంది, అప్పుడు లోపలికి వెళ్లి ఆరబెట్టుకోవడం తప్ప దారి లేదు.

లోపలి పూత తడిసినప్పుడు మెత్తబడుతుందని గుర్తుపెట్టుకో. అది తడిని పీల్చి పల్చగా పరిచి, చుక్కలు కట్టకుండా చూస్తుంది. అందుకే తడిగా ఉండగా రుద్దితే లేచిపోతుంది. కూడా వచ్చిన మెత్తటి సంచితో అద్ది వదిలెయ్. భోజనానికి లోపలికి వెళ్లినప్పుడు అందరూ తడి గ్లవ్స్, గాగుల్స్ కలిపి హెల్మెట్‌లో కుక్కి బల్ల కింద పెడతారు. నువ్వు గాగుల్స్ విడిగా, గాలి తగిలేలా పెట్టు. హీటరు మీద గానీ కారు డాష్‌బోర్డు మీద గానీ ఆరబెట్టకు, వేడికి రెండు పొరలను అంటించిన జిగురు వదులుతుంది. పొరల మధ్యన తేమ కనిపించిందంటే ఆ అద్దం అయిపోయినట్టే, దాన్ని బాగుచేయలేం. ఇంటికి రాగానే సంచిలోంచి తీసి రాత్రంతా బయట ఉంచు.

ఈ శనివారం దుకాణానికి వెళితే హెల్మెట్, కళ్లజోడు, గాగుల్స్ అన్నీ పెట్టుకుని ఒక ఫొటో ఎదురుగా, ఒకటి పక్కనుంచి తీయించి నాకు పంపు. పక్కనుంచి తీసినది స్పష్టంగా ఉండాలి, పై రంధ్రాలు మూసుకుపోయాయో లేదో నాకు కనిపించాలి. నేను చూసి చెప్పేదాకా అట్ట కత్తిరించకు, తిరిగి ఇచ్చే వీలు ఉండనీ. ఇక్కడ అర్ధరాత్రి అయినా ఫర్వాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య