మేనకోడలికి – పాట కట్టుటను గూర్చి



నీ పాటలు అందినవి. కంటితో చదివి ఊరకుండక, గొంతెత్తి పాడి చూచితిని. భావమునకు లోటు లేదు, పదసంపదయు సమృద్ధిగనే ఉన్నది. అయినను పాదము ముగియకమునుపే నాకు ఊపిరి చాలక ఆగవలసి వచ్చినది. జనుల నోట నిలువదగిన పాట వ్రాయగోరువారు మొట్టమొదట తలంపవలసినది పాడువారి ఊపిరినే అని నా దృఢవిశ్వాసము.

ఈ విషయమున తెలుగు మనకు మహోపకారము చేసినది. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును గనుక పదాంతమున స్వరమును నిలిపి సాగదీయుటకు వీలున్నది. కాని రాగము సాగవలసిన చోట హ్రస్వమును పెట్టితివేని గాయకుడు దానిని దీర్ఘము చేయక తప్పదు. అంతట మాట విరూపమై, అర్థము వినువాని చెవి దాటిపోవును. కావున బాణీ నిలుచు చోట దీర్ఘములను, పరుగెత్తు చోట లఘువులను కూర్చుకొనుము.

నడక మాటలోనే ఇమిడి ఉండవలెను. అన్నమాచార్యుల సంకీర్తనలను మోసిన రాగిరేకులు 1922లో తిరుమల ఆలయమున వెలుగు చూచినప్పుడు, వానిపై సాహిత్యమును రాగనామములును ఉన్నవే గాని ఆయన పాడిన వరుసలు లేవు. అయినను శతాబ్దముల తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి మరల స్వరరచన చేయగలిగిరనిన, బాణీ నశించినను తాళపు నడక అక్షరములలో చెక్కుచెదరక ఉండుటయే అందుకు కారణమని నేను నమ్ముచున్నాను. గురజాడ అప్పారావుగారు ముత్యాలసరమను ఛందమునకు మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిని గ్రహించుటలోని విజ్ఞతయు ఇట్టిదే.

ఇక పల్లవి. చరణమెంత దూరము పోయినను తుదకు చేరునది పల్లవినే గదా. అట్లు చేరునప్పుడు చరణాంతమందలి వాక్యము పల్లవితో అన్వయింపవలెను, వినువానికి మునుపు తోచని అర్థమొకటి అందు తోపవలెను. వానను గూర్చిన నీ పాటలో పల్లవి ఎన్నిమారులు వచ్చినను అదే మాటను అదే అర్థముతో చెప్పుచున్నది. క్షేత్రయ్య పదములను శ్రద్ధగా పరిశీలింపుము: పలుకునది నాయికయా, చెలికత్తెయా, ఆ పలుకు ఎవరితో, ఏ మనఃస్థితిలో అన్నది తరచుగా పల్లవిలోనే స్ఫురించును, ఆ తరువాతి చరణములన్నియు ఆ ఒక్క స్థితినే లోతుగా తవ్వును. నీ వానపాటలో మాటలాడుచున్నది ఎవరో నాకు చివరివరకును తెలియలేదు.

హృదయవీణ, భావగగనము వంటి మాటలు నీవు పుస్తకములనుండి తెచ్చుకొన్నవి. అవి చెడ్డవి కావు. కాని నండూరి సుబ్బారావుగారు తమ పాటల నాయిక ఎంకి నోట పల్లెపలుకునే నిలిపి ఎంతటి సుకుమారమైన ప్రణయమును పలికించిరో చూడుము. మీ ఇంట, మీ వీధిలో వానను గూర్చి అనుకొను మాటలు నీకు నాకంటె బాగుగా తెలియును.

ఈ మారు పల్లవి మాత్రమే కట్టి, మీ అమ్మకు పాడి వినిపింపుము. మరునాడు, కాగితము చూపకయే, ఆమెను పాడుమని అడుగుము. ఆమె మరచిన మాటను, మార్చి పాడిన మాటను వేరువేరుగా వ్రాసికొనుము. మార్చిన మాట పలుమారులు నీ మాటకంటె మేలైనదై ఉండును. ఆ రెండింటిని పల్లవితో కూడ నాకు పంపుము. చరణముల సంగతి అటుపిమ్మట చూతము.

ఇట్లు,
నీ మేనమామ