పేరు – ముద్ర



కోనసీమ రైతు కొబ్బరికి ఎన్ని పేర్లు పెట్టెనో చూడుడు. తొలుత అది పిందె. ఆరేడు నెలలకు నీరు పట్టినపుడు బొండాము. ఏడాదికి ముదిరినపుడు కాయ. అటకపై నెలల తరబడి నిలువయుండి, లోని నీరింకి గుండు కదలినపుడు కురిడీ. ఈ పేర్లు లేనిచో అంబాజీపేటలో ఒక్క బేరమైనను సాగదు. పేరు పెట్టుట, తరగతులుగా విభజించుట మానవునకు సహజము, అవసరము కూడ. అది లేనిదే వ్యవహారము లేదు, ఆలోచనయు లేదు.

అయితే ఇందొక విశేషము కలదు. కాయ మారినపుడు దాని పేరును మారుచున్నది. బొండామును చూచి ఇది ఎన్నటికిని కురిడీ కాజాలదని ఏ వర్తకుడును పలుకడు. మనుష్యుల విషయమున మాత్రము మనము ఇందుకు విరుద్ధముగా నడచుచున్నాము. ముందు కులము పేరు వినుచున్నాము. ఆ పేరుతో ఒక గది కట్టి, మనిషిని అందుంచి, తలుపు మూయుచున్నాము. అతడు చదివినను, పదవినొందినను, పదిమందికి అన్నము పెట్టినను మన నాలుకపై ఆ గది పేరే నిలుచుచున్నది. వస్తువును చూచి పెట్టినది గుర్తు. పేరును విని మనిషిని తూచినచో అది ముద్ర. ఈ భేదమే నేటి పాఠము.

మన ఆంధ్రదేశ చరిత్రనుండి ఒక నిదర్శనము గ్రహింతము. దళిత కులములవారిని పూర్వము 'పంచములు' అనుచుండిరి. నాలుగు వర్ణముల లెక్కకు వెలుపల మిగిలిన ఐదవవారని దాని భావము. వారెవరో ఆ పేరు చెప్పదు. వారు దేనిలో చేరనివారో మాత్రమే చెప్పును. 1917 సంవత్సరమున బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ కూడినపుడు వారా పేరును త్రోసివేసి, ఈ నేలకు మొదటివారము మేమేయని 'ఆది ఆంధ్రులు' అను పేరు స్వీకరించిరి. 1922లో నాటి మద్రాసు ప్రభుత్వము అధికార పత్రములలో ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పదములను అంగీకరించెను. పరులు పెట్టిన పేరు వెలిని చెప్పెను. తాము పెట్టుకొన్న పేరు వారసత్వమును చెప్పెను. ఒక మాట మారుటతో మనిషి తలయెత్తి నిలుచుటకు ఎంతటి బలము కలుగునో ఇందువలన తెలియును.

కాని పేరు మారినంతనే ఊరికిని పేటకును నడుమనున్న దూరము తరుగలేదు. పాత తూకము క్రొత్త పేరులోనికి కాపురము వచ్చెను. మాట మార్చుట సులభము. మాట వెనుకనున్న చూపు మారుట కష్టము.

ఆ కష్టమెంతటిదో మన కోనసీమయే చూచినది. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా ఏర్పడెను. మే 18న దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాయని పేరు మార్చుటకు ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించెను. మే 24న అమలాపురములో నిరసన హింసగా మారెను. ఒక మంత్రి ఇంటికి, ఒక శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టిరి, బస్సులు కాలెను. ఆ యేటనే జిల్లాకు ఆ పేరు స్థిరపడెను.

ఊరి పేరుపై మమకారము తప్పు కాదు. అభ్యంతరము చెప్పుటకును మార్గము కలదు. అయినను ఒక ప్రశ్న మిగులును. క్రొత్త పేరులో 'కోనసీమ' అను మాట చెక్కుచెదరక నిలిచినది గదా! 1972లో ఒంగోలు జిల్లా ప్రకాశము జిల్లాయైనది. 2008లో నెల్లూరు పేరునకు ముందు పొట్టి శ్రీరాములు పేరు చేరినది. అప్పుడెవరి ఇండ్లును కాలలేదు. రాజ్యాంగ రచనా సంఘమునకు అధ్యక్షుడైన మహనీయుడు దేశమంతటికిని చెందినవాడు. ఆయనను 'ఒక వర్గపు నాయకుడు' అను గదిలో మనస్సులో ముందే బంధించినవారికి, ఆ పేరు తమ గడపపై పరుల పేరువలె తోచినది. ఆ మంట అక్షరములనుండి రాలేదు. ఏనాడో వేసిన ముద్రనుండి వచ్చినది.

ఇతరులను విచారించిన పిమ్మట మన ఇంటి మాటయు చెప్పుకొనవలెను. స్థావరమనగా కదలనిది, జంగమమనగా కదలునది, చైతన్యము కలది. అట్టి 'జంగమ' పదము కాలక్రమమున పుట్టుకనుబట్టి వచ్చు కులము పేరై, లోకుల నోట భిక్షాటనకు మారుపేరై కూర్చున్నది. చలనమును చెప్పిన మాటయే స్థావరమైనది! ఆ నొప్పి మనకు తెలియును. తెలిసియు పరులపై ముద్ర వేయుట మనకు తగునా?

పన్నెండవ శతాబ్దమున కల్యాణములో శరణులు వేరు దారి త్రొక్కిరి. మడివాళ మాచయ్య చాకలి. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. వారు వృత్తిని చెప్పు మాటను దాచలేదు. దాని చెంతనే 'అయ్య' అను గౌరవమును నిలిపి, అనుభవ మంటపమున సమానాసనము పొందిరి. అంతటితో ఆగలేదు. చెప్పులు కుట్టు హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడై పుట్టిన మధువరసుని కుమార్తెనిచ్చి వివాహము జరిపిరనియు, అందులకై ఆ తండ్రులిద్దరును ప్రాణములర్పించిరనియు మన సంప్రదాయము చెప్పుచున్నది. పేరులోని గౌరవమును పంక్తిలోను, పెండ్లిలోను చూపిననాడే ముద్ర చెరుగునని వారెరుగుదురు.

మననము చేయవలసిన విషయములు

1. మన ఇంట ఒకరిని పిలుచుటకు వాడు పేరు వారు కోరుకొన్నదా, మనము పెట్టినదా?

2. క్రొత్తవారు వచ్చినపుడు మన మొదటి ప్రశ్న 'ఏమి చేయుదురు' అనియా, 'మీరేమిటివారు' అనియా?

3. మన పిల్లలు ఏ మాటను నిందగా నేర్చుకొనుచున్నారు? అది వారికెవరు నేర్పిరి?

మూడవ ప్రశ్నకు జవాబు వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు.