ఇనుము: పుట్టుక, వ్యాప్తి

తొలి ఇనుము ఉల్కలదే. ఈజిప్టులోని గెర్జే పూసలు (సుమారు క్రీ.పూ. 3200), టుటన్‌ఖామెన్ బాకు ఉదాహరణలు. నికెల్ ఎక్కువగా ఉండటమే ఆనవాలు. పరీక్షల్లో అడగదగ్గ బిట్ ఇది.

ఇనుము ద్రవీభవన స్థానం 1538 డిగ్రీల సెల్సియస్. నాటి కొలిమి అంత వేడెక్కేది కాదు. బొగ్గుతో కాల్చితే ఖనిజం పూర్తిగా కరగకుండానే స్పాంజి ముద్దయ్యేది. ఎర్రగా ఉండగానే సుత్తితో కొట్టి చిట్టెం వదిలించేవారు. ఇనుమును పూర్తిగా కరిగించి అచ్చుల్లో పోసే పోత ఇనుములో మాత్రం ముందున్నది చైనా.

ఖనిజం నుంచి ఇనుము తీయడంలో తొలి దశ కేంద్రం: అనటోలియా (హిట్టైట్లు). విస్తృత వ్యాప్తి: క్రీ.పూ. 1200 తర్వాత. ఆఫ్రికా: నోక్ సంస్కృతి (నైజీరియా).

భారత్‌లో పురాతన ఇనుము దొరికిన చోట్లు: అత్రంజిఖేడా (ఉత్తరప్రదేశ్), హల్లూరు (కర్ణాటక). తమిళనాడులోని శివగళైలో దొరికిన ఇనుము తేదీ క్రీ.పూ. 3345 అని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో ప్రకటించింది.

తెలంగాణ: ఊట్జ్ ఉక్కుకు (మూసల్లో తయారయ్యే మేలిరకం ఉక్కు) కోనసముద్రం (నిజామాబాద్ జిల్లా) ప్రసిద్ధి. పర్షియా వర్తకులు ఇక్కడికే వచ్చి కొనేవారు. గ్రూప్స్ అభ్యర్థులు దీన్ని వదలొద్దు.