కొంగుముడి పన్ను

చి. మనవరాలికి,

ఆరొందల ఇంటి పన్ను కోసం ఎండలో గడపగడపా తిరగడం దేనికి తాతయ్యా, ఆర్థిక సంఘం డబ్బు లక్షల్లో వస్తుంటే, అన్నావు. పంచాయతీ కార్యదర్శిగా చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే లక్షల మాట! నీ కుర్చీలో ఉన్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, చేసి చూశాను.

ఆ ఏడు ఎన్నికలు దగ్గరపడ్డాయి. పన్నుల మాట ఎత్తొద్దన్నారు పెద్దలు. డిమాండు రిజిస్టరు బీరువాలో పడేశాను. ఆర్నెల్లు హాయిగా గడిచాయి. తర్వాత ఊడ్చేవాళ్లకు జీతాలివ్వబోతే, పన్నులు చేరే జనరల్ ఫండు అడుగంటింది. గ్రాంటు ఖాతాలో డబ్బు మూలుగుతోంది, కానీ జీతాలకు తీయకూడదు. వాళ్లు నాలుగు నెలలు చూసి, చీపుళ్లన్నీ కట్టగట్టి పంచాయతీ అరుగు మీద పెట్టి వెళ్లిపోయారు. మురిక్కాలవ పొంగి బడి గుమ్మం దాకా వచ్చింది. తప్పు వాళ్లది కాదు, నాది.

ఈమధ్యా అంతే. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ ముడిపడింది. మిగతా 40 శాతమూ జీతాలకు వాడకూడదన్నారు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే అసలుకే మోసం. తెలంగాణలో 2024 మొదట్లో సర్పంచుల గడువు తీరాక ఆ గ్రాంట్లు ఆగిపోయాయి. ఎన్నికలేమో 2025 డిసెంబరుకు గానీ జరగలేదు.

గ్రాంటు వద్దని కాదే పిచ్చిదానా. ఊరంతా కూలిజనం ఉన్న పల్లెను నీ పన్నులతో నువ్వే బతకమనడం అన్యాయం. మన వాటర్ ట్యాంకు గ్రాంటుతోనే లేచింది.

కానీ ఒకటి చూశాను. గ్రాంటుతో వేసిన సిమెంటు రోడ్డు ఏడాదికే పగిలితే, గవర్నమెంటు డబ్బే కదా అని అందరూ ఊరుకున్నారు. అదే ఒక ముసలమ్మ, కొంగుముడి విప్పి నలిగిన నోట్లు లెక్కపెట్టి పన్ను కట్టిన మనిషి, గ్రామసభలో రశీదు ఎత్తి చూపించి నన్ను నిలదీసింది: "డబ్బు కట్టించుకున్నావు, మా వీధి లైటేదయ్యా?" జనం నవ్వారు. నాకు ముచ్చెమటలు పోశాయి. మూడో రోజుకి లైటు వెలిగింది.

పంట డబ్బు చేతికొచ్చాక బయల్దేరు. ముందు పూరిళ్ల మీద పడకు. మేడలవాళ్ల పాత బకాయిల జాబితా తీసి, మొదటి తలుపు అక్కడే తట్టు. గొడుగు మరిచిపోకు.

తాతయ్య