వకాలతుపై సంతకానికి ముందు

సరిహద్దు తగాదా, తిరిగి రాని అప్పు, చెల్లని చెక్కు, అన్నదమ్ముల పంపకం, మనోవర్తి దావా వంటివి సామాన్య కుటుంబాలను కోర్టు మెట్లు ఎక్కించే వ్యవహారాలు. ఇలాంటప్పుడు న్యాయవాదిని కుదుర్చుకోవడానికి చట్టజ్ఞానం కంటే నిబ్బరం ఎక్కువ అవసరమవుతుంది. ఎందుకంటే భయం, మొహమాటం, తన లోపాన్ని కప్పిపుచ్చుకోవాలన్న ఆరాటం అనేవి మనిషిలో ఎంత మేరకు ఉన్నాయో ఆ పని ఆరంభంలోనే బయటపడుతుంది.

భయం మొదట జాప్యం రూపంలో వ్యక్తమవుతుంది. నోటీసు వచ్చినా విప్పి చూడకుండా బీరువాలో పెట్టేవారు, పెద్దమనుషుల మాట మీద ఏళ్లు గడిపేవారు కాలపరిమితిని, అంటే దావా వేయడానికి చట్టం విధించిన గడువును, తమకు తెలియకుండానే కోల్పోతారు. ప్రామిసరీ నోటు మీద బాకీ వసూలుకు సాధారణంగా 3 సంవత్సరాలలోగా దావా వేయాలి. ఆ గడువు లోపల బాకీదారు కొంత చెల్లించి, నోటు వెనుక చెల్లు రాసి సంతకం చేస్తే ఆ తేదీ నుంచి మళ్లీ 3 సంవత్సరాలు లెక్కకు వస్తాయి. చెల్లని చెక్కు విషయంలో వ్యవధి మరీ తక్కువ: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజులలోగా లిఖితపూర్వక నోటీసు పంపాలి, అది అందిన 15 రోజులలో సొమ్ము రాకపోతే ఆ తరువాత ఒక నెలలోగా కోర్టులో ఫిర్యాదు దాఖలు చేయాలి.

న్యాయవాదులు తమ వృత్తిని ప్రకటించుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నందున, మంచి వకీలును వెతకడం వాకబు మీదనే ఆధారపడుతుంది. బంధువుల సిఫారసు కన్నా నమ్మదగిన మార్గం మరొకటి ఉంది. న్యాయస్థానాలు సాధారణంగా బహిరంగంగా నడుస్తాయి కాబట్టి, దావా పడబోయే కోర్టు హాలులోనే ఒక పూట వెనుక బల్ల మీద కూర్చుంటే, కేసు పిలిచినప్పుడు ఫైలు తెరిచి సిద్ధంగా లేచేది ఎవరో, జూనియరును పంపి వాయిదా కోరేది ఎవరో కళ్లకు కడుతుంది. స్థానిక వకీలు విలువ కూడా అక్కడే తెలుస్తుంది. ఆ కోర్టు పద్ధతులు, రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజుల నకళ్లు తీసే తీరు దూరపు నగరంలోని పేరుమోసిన వకీలు కంటే అతనికి బాగా తెలిసి ఉంటాయి.

ఎంపిక తరువాత అసలు పరీక్ష నిజం చెప్పడంలో ఉంది. అప్పులో కొంత భాగం నగదుగా ముట్టినా నోటు మీద చెల్లు వేయని వ్యక్తి ఆ సంగతిని తన వకీలు దగ్గర కూడా దాచిపెడితే, అది ప్రతివాది వకీలు అడ్డుప్రశ్నలలో బయటపడి, మిగిలిన బాకీ కూడా సందేహాస్పదమవుతుంది. ముందే చెప్పి ఉంటే ఆ మొత్తాన్ని మినహాయించి దావా తయారయ్యేది. కక్షిదారు చెప్పిన విషయాలను అతని అనుమతి లేకుండా బయటపెట్టరాదని భారతీయ సాక్ష్య అధినియమం, 2023 సైతం న్యాయవాదిని నిర్బంధిస్తుంది.

మేస్త్రీతో చదరపు అడుగు రేటు తేల్చుకున్నాకే ముగ్గు పోయించే గృహస్థు, వకీలు ఫీజు దగ్గర మాత్రం ‘మీ ఇష్టం సార్’ అని తప్పుకోవడం వింతగా తోచినా సర్వసాధారణం. ఈ మర్యాద తరువాత అనుమానంగా మారుతుంది. ఫీజు ఎంత, ఎన్ని విడతలు, కోర్టు ఫీజు, టైపు, గుమాస్తా ఖర్చులు అందులో కలిసి ఉన్నాయా లేదా అన్నవి మొదటి రోజే అడగాలి, ఇచ్చిన సొమ్ముకు రసీదు తీసుకోవాలి. గెలిచిన సొమ్ములో వాటా తీసుకునే ఒప్పందం మన దేశంలో వృత్తి నియమాలకు విరుద్ధం.

వకాలతు అంటే కక్షిదారు తన తరఫున హాజరై వాదించే అధికారాన్ని న్యాయవాదికి ఇచ్చే పత్రం; రాజీపడే అధికారం కూడా అందులో అచ్చయి ఉండవచ్చు కనుక చదవకుండా సంతకం చేయకూడదు, ఖాళీ కాగితాల మీద అసలే చేయకూడదు. కేసుకు కేటాయించే 16 అక్షరాంకెల సీఎన్ఆర్ నంబరు దగ్గర ఉంటే వాయిదా తేదీని ఈ-కోర్ట్స్ యాప్‌లో కక్షిదారే చూసుకోవచ్చు. నమ్మకం చెడినప్పుడు వకీలును మార్చుకునే హక్కు ఉంది. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కాగితాలను ఆపుకోరాదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు ఇచ్చింది. అయితే న్యాయవాది సేవలో లోపానికి వినియోగదారుల చట్టం వర్తించదని అదే కోర్టు 2024లో తేల్చడంతో, వృత్తి దుష్ప్రవర్తనపై రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే దారి ముఖ్యమైంది; కక్షిదారు మెలకువ దానికన్నా ముఖ్యం.

డబ్బు లేదన్న కారణంతో వెనుకాడేవారు 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టాన్ని గుర్తుంచుకోవాలి. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు తమ ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఇతరులు సాధారణంగా నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడి, ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పొందవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఫోనులో సలహాకు 15100 నంబరు ఉంది.