నిలబెట్టిన బండి - బ్యాటరీ సంరక్షణ

మన ఉద్దానంలో కొన్ని ఇళ్లలో కారు నెలకోసారైనా కదలదు. కానీ డయాలసిస్‌కు వెళ్లే రోగి ఉన్న ఇంట్లో అది అవసరానికి వెంటనే స్టార్ట్ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఛార్జరు పెట్టే వీలూ లేకపోయింది. కాబట్టి ముందే జాగ్రత్త పడాలి.

బండి ఆగి ఉన్నా గడియారం, అలారం కొంత కరెంటు వాడుతూనే ఉంటాయి. అది 50 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకు 1.2 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. అంటే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ సుమారు 15 రోజుల్లో సగమవుతుంది. అలాగే వదిలేస్తే సీసపు పలకలపై లెడ్ సల్ఫేట్ గట్టిపడుతుంది. దీనినే సల్ఫేషన్ అంటారు. ఆ తర్వాత ఛార్జి చేసినా పూర్వపు శక్తి రాదు.

మేము పాటించే పద్ధతులు:

1. వారానికోసారి అరగంట నడపాలి. ఐదు నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచితే చాలదు.

2. చాలాకాలం నడపకపోతే నెగెటివ్ తీగను విప్పి ఉంచాలి. విప్పేటప్పుడు అది ముందు, బిగించేటప్పుడు చివర.

3. మల్టీమీటరులో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్లు. 12.4కు తగ్గితే ఛార్జి చేయాలి.

4. మూతలున్న బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్లు కాదు.

5. ఛార్జింగులో హైడ్రోజన్ వస్తుంది. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు.

సోదర విద్యార్థులారా! ఇంటర్‌లో మనం చదివిన విద్యుత్ రసాయనం ఇదే. దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు, తుఫానులు రాకముందే, ఒక్క బండికైనా పరీక్ష చేసి చూడండి.