కట్టు పుండుకు కుదిరిందా? తేల్చి చెప్పే ల్యాబ్ ఉద్యోగాలు

నెలల తరబడి మంచం పట్టిన మనిషికి నడుము కింద, ఎముక పొడుచుకొచ్చినట్టుండే చోట పుండు పడటం మనలో చాలామంది ఇళ్లలోనే చూశారు. మడమల మీద, తుంటి దగ్గర కూడా వస్తుంది. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం, కండ నలిగి రక్తం ఆడక పడే పుండు అది. పైకి చిన్నగానే కనిపించినా లోపల చర్మం కిందుగా పక్కలకు పాకి ఉండొచ్చు. దానికి వేసే డ్రెస్సింగు అడుగుదాకా తాకాలి. మధ్యలో ఖాళీ మిగిలితే రసి అక్కడే నిలుస్తుంది. అంచుల్లోంచి కారితే చుట్టూ ఉన్న మంచి చర్మం నాని చెడుతుంది. అలాగని గట్టిగా కూరితే, ఒత్తిడి వల్ల పడిన పుండు మీద మళ్లీ ఒత్తిడే.

డ్రెస్సింగు ఎంత బాగా కుదురుతుందో అంకెల్లో కొలిచే ఉద్యోగాలున్నాయి. టెక్స్‌టైల్, బయోమెడికల్, ఫార్మసీ చదివే మన విద్యార్థులు వాటి వైపు చూడాలని నా కోరిక.

ఈ పరీక్షలకు ప్రధాన ఆధారం ఈఎన్ 13726 అనే ఐరోపా ప్రమాణం. ఒంటికి ఒదిగే గుణం తేల్చడానికి 25 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీని 20 శాతం సాగదీసి, నిమిషం పాటు పట్టి ఉంచి, ఎంత బలం అవసరమైందో చూస్తారు. వదిలిన 5 నిమిషాలకు మళ్లీ పొడవు కొలుస్తారు. కొద్ది బలానికే సాగి, తిరిగి మొదటి పొడవుకు వచ్చే పట్టీయే కదిలే ఒంటి మీద నిలుస్తుంది. కాలేజీలో ఇనుప కడ్డీలు లాగే యూటీఎం దీనికి పనికిరాదు. ఇక్కడి బలాలు కొద్ది న్యూటన్లే కాబట్టి చిన్న లోడ్ సెల్ ఉండాలి.

పీల్చే శక్తి పరీక్ష చూడటానికి మరీ సులువు. 5 సెంటీమీటర్ల చదరపు ముక్కను దాని బరువుకు 40 రెట్ల ద్రావణంలో, 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి, 30 సెకన్లు వేలాడదీసి తూస్తారు. అయితే అది ఉత్త నీరు కాదు. సోడియం క్లోరైడ్‌తో పాటు కాల్షియం క్లోరైడ్ కూడా కలిపిన ద్రావణం. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ పోగులు తమ కాల్షియాన్ని వదిలి రసిలోని సోడియాన్ని అందుకుంటేనే జెల్ అవుతాయి. ఆ లవణాల పాళ్లు తప్పితే మీరు రాసిన అంకె కూడా తప్పే. ఇంటర్వ్యూకు వెళ్లేవారు ఇలాంటి 'ఎందుకు'లకు జవాబు సిద్ధం చేసుకోవాలి.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బల్లపరుపు ముక్క మీద తేలిన అంకె మడమ వంపులో ఏం జరుగుతుందో చెప్పదు. తలవైపు మంచం ఎత్తితే రోగి ఒళ్లు కిందికి జారుతుంది, డ్రెస్సింగు అంచు చుట్టుకుపోతుంది. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో అమిత్ గెఫెన్ బృందం రసి ఊరే పుండును పోలిన రోబో నమూనాలు తయారు చేసి డ్రెస్సింగులను పరీక్షించింది ఇందుకే. ప్రమాణంలోని పట్టీకీ పడక మీది మనిషికీ మధ్య ఇంకా చాలా దూరముంది. తెలివైన కుర్రవాళ్లకు పని దొరికేది అక్కడే.

మన దేశంలో వైద్య పరికరాల నిబంధనలు 2017లో వచ్చాయి. 2022, 2023 అక్టోబర్లలో దశలవారీగా లైసెన్సింగ్ పరిధి విస్తరించింది. తయారీదారులకు ఇప్పుడు నమ్మదగిన పరీక్ష నివేదికలు కావాలి. కోయంబత్తూరులోని సిట్రా వైద్య వస్త్రాల కేంద్రం, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ బయోమెడికల్ విభాగం, విశాఖలోని మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ వైద్య పరికరాల పార్కు మీరు గమనిస్తూ ఉండాల్సిన చోట్లు. ల్యాబులకు గుర్తింపునిచ్చేది ఎన్‌ఏబీఎల్, ఆధారం ఐఎస్‌ఓ 17025. కొలతలో ఎంత తేడా ఉండొచ్చో లెక్కగట్టాలని ఆ ప్రమాణం అడుగుతుంది, అది నేర్చుకోండి.

ఎంటెక్‌కు గేట్‌లో టెక్స్‌టైల్ వారికి టీఎఫ్, బయోమెడికల్ వారికి బీఎం పేపర్లున్నాయి. ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో, ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. ఫార్మసీ వారికి నైపర్ ఒక దారి. బీఎస్సీ నర్సింగ్ చదివినవారు కూడా వెనకాడనక్కర్లేదు. డ్రెస్సింగు ఎక్కడ ఊడుతుందో, ఏ వైపు నుంచి కారుతుందో చేత్తో చూసినవారు వాళ్లే. పరీక్షను రూపొందించేటప్పుడు ఆ మాట చెప్పగలిగే మనిషి ల్యాబులో తప్పకుండా ఉండాలంటాను.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఒక సలహా. పారదర్శకమైన సిలికోన్‌తో మడమ ఆకారం పోతపోసి, అందులో పక్కలకు పాకిన గుంట ఉంచండి. అడుగున సన్నని గొట్టం పెట్టి సిరంజి పంపుతో రంగు కలిపిన ద్రావణాన్ని గంటకు ఇంత అని వదలండి. ఫోమ్, ఆల్జినేట్, హైడ్రోకొల్లాయిడ్ డ్రెస్సింగులను ఒక్కోదాన్ని కనీసం ఐదుసార్లు వేసి చూడండి. ఖాళీ ఎక్కడ మిగిలిందో ఫొటో తీయండి, మొదట ఏ అంచు తడిసిందో, ఎన్ని గంటలకో రాయండి. ఐదుసార్లూ ఒకేలా రాకపోతే సగటు మాత్రమే చూపించి ఊరుకోకండి. ఆ తేడా ఎందుకొచ్చిందో వివరించే పేజీనే నియామకం చేసేవారు ముందు చదువుతారు.